వైస్రాయి గదిలో మామిడికాయలు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికన్నా సుఖంగా పడుకున్నవి మామిడికాయలు. ఇంటికున్న ఒకే ఒక్క పెద్దగది, దానికి అటాచ్డ్ బాత్‌రూమ్, రెండు కిటికీలు, కూలరు, అన్నీ వాటికే. నేనూ మావారూ ఇద్దరు పిల్లలూ చిన్నగదిలో ఒకరి కాళ్ళ మీద ఒకరం కాళ్ళేసుకుని సర్దుకునేవాళ్ళం. మా అత్తయ్యగారు వీధి వరండాలో మడతమంచం మీద పడుకునేవారు. ఇదంతా ఎలా జరిగిందని అడిగితే మర్యాద వల్ల జరిగిందని చెప్పాలి. మా గోదావరి జిల్లాల మర్యాద సంగతి తెలిసినవాళ్ళు ఇంక రెండో ప్రశ్న వెయ్యరు.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం. తాడేపల్లిగూడెంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. అత్తయ్యగారిది భీమడోలులో దిగి లోపలికి వెళ్ళే ఊరు, కొల్లేటి అంచున. మామయ్యగారు పోయాక కూడా ఆవిడ మా బావగారి పిల్లలతో సందడిగా అక్కడే ఉండేవారు. ఆ ఏడాది బావగారు గణపవరం పక్కన చేపల చెరువులు తీసుకుని సంసారం అటు మార్చేశారు. మావారు వెళ్ళి అత్తయ్యగారిని పాసింజరు బండిలో తీసుకొచ్చి, వంటింట్లోకి వచ్చి నాతో మెల్లగా అన్నారు.

"ఈసారి అమ్మ ఇక్కడే ఉండిపోవాలి. నేను చెబితే వినదు. నువ్వే చూడాలి."

నాకు వేరే చెప్పక్కర్లేదు. నేను హైస్కూల్లో ఉండగానే మా అమ్మ పోయింది. ఇంట్లో పెద్దావిడ ఉండి, నేను కూర దించగానే ఉప్పు చూసి పెదవి విరిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ పెదవి విరుపు నాకు కావాలి. ఈవిడ ఉండిపోవాలని నేను కోరుకున్నంతగా ఆవిడ కొడుకు కూడా కోరుకుని ఉండరు.

అందుకని పెద్దగది ఖాళీ చేసి, కొత్త దుప్పటి పరిచి, మంచినీళ్ళ చెంబు పెట్టి ఆవిడకు చూపించాను. పెద్దగది ఇవ్వడమంటే ఉండిపొమ్మనడమేనని నా లెక్క. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చూశారు.

"బాగుందమ్మా. మీరు పడుకోండి."

"మీకోసమే సర్దానండి."

"అబ్బే, నాకెందుకమ్మా ఇంత గది. వరండాలో గాలి బాగా వస్తది."

"మీరు పడుకోకపోతే మేమూ పడుకోమండి."

"మీరు పడుకోకపోతే నేనెలా పడుకుంటానమ్మా."

అంతే. ఇద్దరం చాలా మర్యాదస్థులం. గది ఖాళీగా ఉండిపోయింది. ఆవిడ చేతిసంచి వరండా గోడకున్న మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. చీర కావాలంటే సంచిలోంచి తీసేవారు. ఉతికి, ఆరేసి, మడతపెట్టి మళ్ళీ సంచిలోనే పెట్టేవారు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో "ఈ ఇంటివారిని దీవించు తండ్రీ" అనేవారు, పాస్టరుగారు ఎవరింటికో వెళ్ళి చేసినట్టుగా. ఆ ఇంటివారిలో తానూ ఉన్నట్టు ఆవిడకు తోచనే లేదు. ఇక పక్కింటావిడ రోజూ పొద్దువాలాక గోడ మీంచి తొంగిచూసి, "ఏవండీ, ఎప్పుడండీ ప్రయాణం?" అని అడిగేది. మా వైపు అది పొమ్మనడం కాదు, పలకరింపు. అయినా అత్తయ్యగారు ఠక్కున "రేపో ఎల్లుండోనండి" అనేసరికి నాకు లోపల కలుక్కుమనేది.

ఇది ఇలా ఉండగా మా పెద్దది ఇంకో చిచ్చు పెట్టింది.

నేను చదివింది చరిత్ర. ఎమ్మే పాసయ్యాను. ఉద్యోగం రాలేదు, చరిత్ర మీద పిచ్చి మాత్రం పోలేదు. మా అమ్మాయి ఐదో తరగతి పరీక్షలు రాసొచ్చి, బ్యాగు విసిరేసి, "హిస్టరీ ఒట్టి బోరమ్మా. అన్నీ తేదీలే" అంది. రెండో తరగతిలోకి వెళ్ళబోతున్న మా అబ్బాయి, వాడికి హిస్టరీ అనే సబ్జెక్టే లేదు, "అవునమ్మా, బోరు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కడుపున పుట్టి ఆ మాటా?

పుస్తకాలకు అట్టలు వెయ్యడానికి దాచిన కాగితాల్లో ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన పాత క్యాలెండరు ఉంది. దాని మీద రాష్ట్రపతి భవన్ ఫొటో. తీసుకొచ్చి వాళ్ళ ముందు పెట్టాను.

"ఈ సెలవుల్లో ఈ ఒక్క ఇంటి కథ చెబుతాను. ఒక్క తేదీ కూడా చెప్పను. మీకు విసుగొస్తే నా పేరు మార్చుకుంటాను."

"ఏం పేరు పెట్టుకుంటావమ్మా?" అన్నాడు వాడు, అప్పుడే ఆశ పుట్టి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కరెంటు తీసేసే వేళ వరండాలో పాఠం. గోడకు క్యాలెండరు కాగితం, కింద చాప. అత్తయ్యగారు మడతమంచం మీద కళ్ళు మూసుకుని ఉండేవారు. తెల్లవాళ్ళు రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చాలనుకోవడం, వాళ్ళ వైస్రాయి దొర ఉండటానికి ఒక గుట్ట మీద ఇల్లు కట్టాలనుకోవడం, అక్కడున్న పల్లెల్ని ఖాళీ చేయించడం, ఇంతవరకూ చెప్పానో లేదో మంచం మీంచి మాట వినపడింది.

"ఆ ఊళ్ళోవాళ్ళు ఎక్కడికి పోయారంట?"

"నాకు తెలీదండి. నేను చదివిన పుస్తకాల్లో అంతగా రాయలేదండి."

"రాయరులే" అని అటు తిరిగి పడుకున్నారు. మర్నాటికి మంచం చాప పక్కకి జరిగింది. ఎవరు జరిపారని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మూడు వందల నలభై గదులని చెప్పగానే మా అబ్బాయి "ఊడ్చేదెవరు?" అన్నాడు. చరిత్రకారులందరూ ముందు వెయ్యాల్సిన ప్రశ్న అది. నాలుగేళ్ళలో అవుతుందనుకున్న ఇల్లు పదిహేడేళ్ళు పట్టిందంటే అత్తయ్యగారు తాపీమేస్త్రుల సంగతి తనకు తెలుసన్నట్టు తలూపారు. కట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఇంచుమించు అన్నాళ్ళే తెల్లవాళ్ళు అందులో కాపురమున్నారన్నాను. "అయ్యో పాపం" అంది మా అమ్మాయి. "పాపమేంటే, ఇల్లు మనకొచ్చిందిగా" అన్నారు వాళ్ళ నానమ్మ. మా ఊళ్ళో యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు విమానాల కోసం వేసిన రన్‌వే ఒకటుంది. జనం దాని మీద స్కూటరు నేర్చుకుంటారు. మావారు నేర్చుకున్నదీ, పడ్డదీ అక్కడే. కాబట్టి ఒకరు ఒకందుకు కట్టినది ఇంకొకరు ఇంకొకందుకు వాడుకోవడం మా పిల్లలకు వింత కాదు.

అన్నిటికన్నా బాగా పండింది దారి పాఠం. ఆ భవనాన్నీ దాని ముందున్న ఆఫీసు భవనాల్నీ కట్టిన ఇద్దరు ఇంజినీర్లు మొదట్లో ప్రాణస్నేహితులు. తీరా రోడ్డు వేశాక, గుట్ట ఎక్కుతూ వస్తుంటే ఇల్లు కిందికి దిగిపోయినట్టు కనపడకుండా పోవడం మొదలైంది. ఆ రోడ్డు ఎత్తు విషయంలో ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. "ఎత్తెక్కుతుంటే ఇల్లెలా పోతుందమ్మా?" అని మా అమ్మాయి మొండికేసింది. నోటితో చెబితే లాభం లేదనిపించింది. పక్కింటివాళ్ళు మేడ కట్టడానికి సందులో ఇసుక పోయించారు. ఆ గుట్టకు అవతల స్టూలు వేసి, దాని మీద మా ఇత్తడి గుండిగ బోర్లించాను. గుమ్మటం తయారు. పిల్లల్ని సందు చివర నుంచి నడిచి రమ్మన్నాను.

"కనపడుతోంది, కనపడుతోంది" అంటూ వచ్చారు. గుట్ట దగ్గరికి వచ్చేసరికి గుండిగ లేదు. పైకి పాకితే మళ్ళీ ఉంది. ఇద్దరూ ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో. అత్తయ్యగారు కొంగు నడుముకు దోపుకుని వరండా దిగారు. సందు చివరికి వెళ్ళి, గుండిగ మీద చూపు ఆనించి, దొంగను పట్టుకోబోతున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు.

"ములిగిపోయిందర్రా" అన్నారు గుట్ట ముందు ఆగి, సంతోషంగా.

పక్కింటావిడ బయటికి వచ్చి, "ఏం చేస్తున్నారండీ?" అంది.

"ఢిల్లీ వెళుతున్నామండి" అన్నారు అత్తయ్యగారు. తర్వాత మెట్ల మీద కూర్చుని కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ, ఆ ఇంజినీర్ల గురించి తీర్పు చెప్పారు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా. ఎంత స్నేహితులైతే మాత్రం."

ఆ సాయంత్రం మా ఇంట్లో అంతా ఎంత బాగుందంటే, ఇంక ఆవిడ ఎక్కడికీ వెళ్ళరని నేను నిశ్చయించేసుకున్నాను. గోడ మీంచి పక్కింటావిడ ప్రశ్న వచ్చింది. "రేపో ఎల్లుండోనండి" అన్న జవాబూ వచ్చింది.

మామిడికాయలు దిగింది మర్నాడే. అత్తయ్యగారి తమ్ముడిది పెదవేగి. వాళ్ళ పొలమంతా ఎప్పుడో పామాయిలు తోటగా మారిపోయినా గట్ల మీద మామిడిచెట్లు మిగిలాయి. అక్కకని గోతాలతో కాయలు పంపారు. నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో ఒకటే పచ్చికాయ వాసన. పెద్దగదిలో, నేను కొత్త దుప్పటి పరిచిన మంచం కిందా, పక్కనా, బీరువా దాకా వరిగడ్డి. గడ్డిలో వరసలుగా కాయలు. పైన గోనెపట్టాలు. అత్తయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని, తొడిమలన్నీ ఒకే వైపు ఉండేలా సర్దుతున్నారు.

"ఖాళీ గదేగా అమ్మా. ఇక్కడైతే వేడిగా ఉండి బాగా మాగుతాయి."

నాకు కోపం వస్తే నోరు ముందు వెళుతుంది, బుద్ధి వెనక వస్తుంది.

"అది మీకిచ్చిన గదండీ. మీరు పడుకోరు, మామిడికాయల్ని పడుకోబెడతారు. ఎవరో పరాయివాళ్ళింట్లో ఉన్నట్టుంటారండి మీరు."

ఆవిడ చెయ్యి గోనెపట్టా మీద ఆగింది. పట్టా అంచు సరిచేసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, ఎంతో మెత్తగా అన్నారు. "ఎల్లుండి పొద్దున్న పాసింజరుకి వెళతానమ్మా. నీళ్ళ పక్కనున్న ఇల్లు, తాళమేసి ఎక్కువ రోజులుంచకూడదు. కాయలు మాగాక పిల్లలకి పెట్టు. గోడవారవి ముందు తీయి, అవి రసాలు."

తిట్టినా బాగుండేది. మావారికి చెబితే నిట్టూర్చి, "నువ్వే చూడాలని చెప్పానుగా" అన్నారు. ఆయనకేం, చెప్పేశారు.

మర్నాడు పాఠం చెప్పే ఓపిక నాకు లేదు. పిల్లలు వదిలితేగా. ఆ రోజు గదుల పాఠమని ముందే చెప్పి ఉన్నాను. మా అమ్మాయి పక్కింటికి వెళ్ళి ముగ్గుపిండి అడిగి తెచ్చింది. ఎండ తగ్గాక సిమెంటు వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పెద్ద ఇంగ్లీషు హెచ్ అక్షరం గీసింది. ఆ భవనం ఆకారం ఇంచుమించు అదే. అత్తయ్యగారు వరండా మెట్టు మీద చేట పెట్టుకుని ఎండురొయ్యలకు తలలూ తోకలూ గిల్లుతున్నారు, దారిలో తినడానికి కాదు, వెళ్ళేముందు మాకు పొడి కొట్టి ఇవ్వడానికి. అది చూస్తుంటే నాకు పాఠం మీద మనసు నిలవలేదు. అయినా చెప్పాను.

"హెచ్‌కి ఈ కాలిలో వైస్రాయి దొర సొంత గదులు. ఆయన పడకగది ఇది."

మా అబ్బాయి వెంటనే అందులో చేతులు చాచి పడుకున్నాడు. వీపంతా ముగ్గు.

"ఆ చివర కాలిలో చుట్టాల గదులు. దొరగారింటికి ఎవరైనా వస్తే అక్కడ దింపేవారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక ఈ ఇంట్లోకి మొదటగా మనవాడు ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకి ఆ పెద్ద పడకగది, ఆ ఆర్భాటం నచ్చలేదు. చుట్టాల గదుల్లోకి మారిపోయారు. తర్వాత వచ్చిన రాష్ట్రపతులూ అక్కడే ఉంటున్నారు."

"మంచి పని చేశాడు" అన్నారు అత్తయ్యగారు, రొయ్య మీంచి తలెత్తకుండా. "అంత గదిలో నిద్రెలా పడతది."

ఆ మాట నాకే తగిలిందనుకుని నేను ముఖం తిప్పుకున్నాను. మా అమ్మాయి మాత్రం పాఠంలోనే ఉంది.

"మరి వైస్రాయి గది ఖాళీగా ఉందా?"

"లేదు. వేరే దేశాల నుంచి పెద్దవాళ్ళు వస్తే అందులో దింపుతారు."

"అంటే చుట్టాల గదిలో ఇంటివాళ్ళు, ఇంటాయన గదిలో చుట్టాలా?"

"అంతే."

అది వెళ్ళి హెచ్ మధ్యలో నిలబడింది. వరండా వైపు చూసింది. పెద్దగది కిటికీ వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, లెక్క సరిపోయిందన్నట్టు చెప్పింది.

"మనింట్లో కూడా అంతేగా అమ్మా. నానమ్మ ఉన్నచోటే ఇంటివాళ్ళది. పెద్దగది చుట్టాలది. అందులో మామిడికాయలు దిగాయి. అవి పెదవేగి దేశం నుంచి వచ్చాయి."

"మరి అమ్మా నాన్నా?" అన్నాడు వాడు నేల మీంచి.

"వాళ్ళు కూడా చుట్టాలే. నానమ్మ కదా పెద్ద."

అత్తయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ అంత నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఒళ్ళో చేట ఊగిపోయి రొయ్యలన్నీ మెట్ల మీద పడ్డాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, నవ్వాపుకుంటూ, మళ్ళీ నవ్వుతూ, చివరికి నా వైపు తిరిగారు. అప్పుడు ముఖంలో నవ్వు లేదు.

"నిజంగానేనా అమ్మా? చుట్టాల గదిలో ఉన్నా ఆయనే ఇంటాయనా? ఎవరూ ఏమీ అనుకోలేదా?"

"నిజమేనండి. చరిత్ర మీద ఒట్టండి."

ఆవిడ పడిపోయిన రొయ్యలు ఒక్కొక్కటే ఏరుతూ, నా ముఖం చూడకుండా అన్నారు.

"పెద్దగదిలోకి పోతే మీ చోటు లాక్కున్నట్టుంటదమ్మా. ఎంతో ముచ్చటపడి కట్టుకున్నారు. వరండాలో ఉంటే చుట్టపుచూపుకి వచ్చినట్టుంటది. ఎక్కడుండాలో తెలీకే ఆ సంచి మేకుకి తగిలించాను."

నేను గది ఇచ్చి ఉండిపొమ్మన్నాననుకున్నాను. ఆవిడ మా చోటు మాకు వదిలి మర్యాద చేశాననుకున్నారు. ఆవిడకు నేనంటే ఇష్టం లేక కాదు, నేనంటే ఇష్టమై వరండాలో ఉన్నారు. అది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మోకాళ్ళ మీద కూర్చుని నేనూ రొయ్యలు ఏరాను.

"అయితే మేం పెద్దగదిలోకి మారిపోతామండి, మామిడికాయల పక్కకి. మీ చోటు వరండాయే. ఇక్కడి నుంచి ఇల్లు మీరు చూసుకోండి."

ఆవిడ చేట పక్కన పెట్టారు. "ఆ ముగ్గు తుడుచుకోమనవే వాణ్ణి" అన్నారు.

చెప్పిన ఎల్లుండి వచ్చింది. పొద్దున్నే పాసింజరు కూత వినపడింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ పంచదార రెండోసారి వేసేశాను. అత్తయ్యగారు పెద్దగదిలో గోనెపట్టా ఎత్తి కాయలు నొక్కి చూస్తున్నారు. బండి వెళ్ళిపోయింది. ఆవిడ వినలేదో, విననట్టు ఉన్నారో, రెండు పండ్లు తెచ్చి పిల్లల పళ్ళేల దగ్గర పెట్టారు. నా కూర కొంచెం నోట్లో వేసుకుని పెదవి విరిచారు. ఎవ్వరం ఆ బండి ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఇంకో బండి గుర్తొస్తుందేమోనని నాకు భయం.

సాయంత్రం మామూలుగానే గోడ మీంచి పక్కింటావిడ తల కనపడింది.

"ఏవండీ, ఎప్పుడండీ ప్రయాణం?"

కూర కలుపుతున్న గరిటె ఆపేశాను.

"నాకేం ప్రయాణమండీ?" అన్నారు అత్తయ్యగారు వరండాలోంచి. "పెద్దగదిలో మా అబ్బాయీ కోడలూ దిగారు. ఎన్నాళ్ళుంటారో వాళ్ళనే అడగండి."

పక్కింటావిడకు ఏమీ అర్థం కాక నవ్వేసింది. నేను పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో చెప్పలేను. ఇంతలో అత్తయ్యగారే వంటింటి గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఆ సంచి ఉంది, మడతపెట్టి ఉంది. చీరలేవండీ అని అడగబోయి, వెనక తెరిచి ఉన్న పిల్లల అలమరలో ఆవిడ చీరల మడతలు చూసి ఊరుకున్నాను.

"అబ్బాయి బజారుకెళితే ఉల్లిపాయలు తెమ్మను. నీ బుట్టలో ఇంటికి సరిపడా పట్టవు" అని సంచి నా చేతికిచ్చారు.

మా ఊరు ఉల్లిపాయలకు పెట్టింది పేరు. ఆ సంచి అడుగు చిరిగేదాకా మా ఇంటికి ఉల్లిపాయలే మోసింది.